తిమింగలం నడిచిన కాలం... చెవి ఎముక చెప్పిన రహస్యం

తిమింగలం చేప కాదని చిన్నప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాం. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లల్ని కని పాలిస్తుంది. బిట్ క్వశ్చన్‌కి జవాబు గుర్తించేసి ముందుకెళ్లిపోతాం. మరి నేల మీది జంతువు లక్షణాలన్నీ ఉన్న ఈ జీవి సముద్రంలో ఏం చేస్తోంది? ఎప్పుడైనా ఆలోచించారా?

'జీవ పరిణామానికి ఒక్క రుజువు చెప్పండి' అని ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే డార్విన్ పేరు దగ్గరే ఆగిపోకండి. తిమింగలం కథ చెప్పండి. ఇందులో కీలకమైన శిలాజాలు చాలావరకు దొరికింది మన ఉపఖండంలోనే.

మన దగ్గరే ఎందుకు?

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట హిమాలయాలు ఇప్పటిలా లేవు. భారత భూభాగం ఉత్తరానికి జరుగుతూ ఆసియాను ఢీకొంటున్న కాలమది. రెండింటి మధ్య ఉన్న టెథిస్ సముద్రం కుంచించుకుపోతోంది. దాని తీరాల్లోని వాగులు, మడుగుల దగ్గర చచ్చిన జంతువుల ఎముకలు బురదలో కూరుకుపోయి రాయిగా మారాయి. అందుకే ఇప్పటి పాకిస్థాన్, జమ్మూ కశ్మీర్, కచ్ ప్రాంతాల్లో తొలి తిమింగలాల ఆనవాళ్లు బయటపడ్డాయి.

1981లో ఫిలిప్ జింజరిచ్, డొనాల్డ్ రసెల్ పాకిస్థాన్‌లో దొరికిన ఒక పుర్రె భాగానికి 'పాకిసీటస్' అని పేరు పెట్టారు. తర్వాత దాని మిగతా ఎముకలూ దొరికాయి. చూస్తే నాలుగు కాళ్ల జంతువు, సుమారు తోడేలంత ఉంటుంది. అయినా దాన్ని తిమింగలాల కుటుంబంలో చేర్చారు. కారణం చెవి. తిమింగలాలకు చెవి ఎముక లోపలి అంచు బాగా మందంగా ఉంటుంది. ఆవుకో కుక్కకో అలా ఉండదు. పాకిసీటస్‌కు ఉంది.

1994లో హాన్స్ థెవిసెన్ బృందం 'అంబులోసీటస్'ను ప్రకటించింది. ఇది నడవగలదు, ఈదగలదు. ఆ తర్వాతి కాలపు బాసిలోసారస్ ఏకంగా 15 మీటర్లకు పైగా పెరిగిన పూర్తి సముద్రజీవి. అయినా దానికి చిన్న వెనుక కాళ్లున్నాయని ఈజిప్ట్ ఎడారిలో దొరికిన ఎముకలతో 1990లో తేలింది. ఇప్పటి తిమింగలాల్లోనూ కటి ఎముక ముక్కలు మిగిలే ఉన్నాయి. నడకకు పనికిరాకపోయినా కొన్ని కండరాలకు ఆధారంగా ఉంటాయి. పాత కోడ్‌ని డిలీట్ చేయకుండా వేరే పనికి వాడుకున్నట్టన్నమాట!

డీఎన్ఏతో పేచీ

ఇక్కడే అసలు ట్విస్ట్. పళ్ల పోలికను బట్టి చాలామంది శిలాజ నిపుణులు తిమింగలాల మూలం మెసోనికిడ్స్ అనే అంతరించిన మాంసాహారుల్లో ఉందనుకున్నారు. 1990ల్లో డీఎన్ఏ పరీక్షలు మాత్రం నీటిగుర్రమే దగ్గరి చుట్టమన్నాయి. ఎవరిది రైటు?

2001లో రెండు బృందాలు విడివిడిగా తొలి తిమింగలాల చీలమండ ఎముకలను ప్రచురించాయి. ఆ ఎముక రెండు చివరలా బావి గిలకలా ఉంది. ఈ ఆకారం మేకలు, ఆవులు, పందులు, నీటిగుర్రాలున్న గిట్టల జంతువుల గుంపుకే ప్రత్యేకం. శిలాజం డీఎన్ఏ వైపే సాక్ష్యం చెప్పింది. నిపుణులు తమ పాత అంచనాను పక్కన పెట్టారు. సైన్స్ బలం ఇదే: ఆధారం మారితే జవాబూ మారుతుంది.

రంగారావు రాళ్లు

మరి ఆ గిట్టల జంతువుల్లో ఏది? భూగర్భ శాస్త్రవేత్త ఎ.రంగారావు జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర సేకరించిన శిలల్లో కొన్ని పళ్లు, దవడ ముక్కలు చూసి 1971లో ఒక జంతువుకు 'ఇండోహ్యుస్' అని పేరు పెట్టారు. మిగిలిన రాళ్లు పగలగొట్టి చూడకుండానే ఆయన కన్నుమూశారు. తర్వాత ఆయన భార్య వాటిని థెవిసెన్‌కు అప్పగించారు. ల్యాబ్‌లో శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగింది. లోపల కనిపించింది తిమింగలం తరహా మందపాటి చెవి అంచు!

ఇండోహ్యుస్ 4.8 కోట్ల ఏళ్ల నాటిది. మన అడవుల్లోని మూషిక జింకను తలపించే చిన్న జంతువు. కాళ్ల ఎముకల గోడలు నీటిగుర్రానికి ఉన్నట్టు మందం. పళ్లలోని ఆక్సిజన్ ఐసోటోపులు కూడా అది ఎక్కువసేపు నీళ్లలో గడిపేదనే చెప్పాయి. 2007లో ఈ ఫలితాలు 'నేచర్'లో వచ్చాయి.

ఒక్క జాగ్రత్త. ఇండోహ్యుస్ తిమింగలాలకు ముత్తాత అని రాసేయకండి. ముత్తాతకు తోబుట్టువు లాంటిది అనడం కరెక్ట్. శిలాజాలు వరసగా కట్టిన మెట్లు కావు, కొమ్మలు చీలిన చెట్టు. 'మధ్యలో లింకు ఏదీ?' అని ఎవరైనా అడిగితే ఒక్క ఎముక చూపిస్తే సరిపోదు. చెవి, చీలమండ, పళ్లు, రాతి వయసు... అన్నీ ఒకే మాట చెబుతున్నాయా అన్నది చూడాలి.

మీకు ఆసక్తి ఉంటే...

* ఎమ్మెస్సీ జియాలజీ చేసినవాళ్లు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరవచ్చు. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో జియాలజీ విభాగాలున్నాయి.

* పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ సబ్జెక్టు ఉంది. లఖ్‌నవూలోని బీర్బల్ సాహ్ని, దెహ్రాదూన్‌లోని వాడియా సంస్థలు ఈ రంగంలో పేరున్నవి.

* బీటెక్ వాళ్లకీ చోటుంది. ఇప్పుడు రాయి పగలగొట్టకుండానే సీటీ స్కాన్‌తో లోపలి ఎముకను చూస్తున్నారు. ఇమేజ్ ప్రాసెసింగ్, త్రీడీ మోడలింగ్ వస్తే ఇలాంటి ప్రాజెక్టుల్లో పనికొస్తాయి.

పోస్టులు వందలకొద్దీ ఉండవు, నిజమే. కానీ 1971లో పేరు పెట్టిన జంతువు అసలు విలువ 2007లో గానీ తెలియలేదు. అల్మారాల్లో ఉన్న రాళ్లను ఓపిగ్గా చూసేవాళ్లకు ఇక్కడ పని ఎప్పుడూ ఉంటుంది.