చిన్న కారుకు మేలైన బ్రేకులు

తిరుమల కనుమదారిన చిన్న కారులో దిగివచ్చునపుడు బ్రేకు పెడలు మెత్తబడి, పాదము లోతుగా దిగిపోయిన అనుభవము కొందరు శ్రోతలకు ఉండవచ్చును. వెంటనే పెద్ద డిస్కులు, ఖరీదైన ప్యాడ్లు కొనవలెనను కోరిక పుట్టుట సహజము. కొనుటకు ముందు కారణము తెలిసికొందము.

బ్రేకు చేయు పని చలనమును వేడిగా మార్చుట. వేయి కిలోల కారు నూరు మీటర్ల ఎత్తు బ్రేకులపైననే దిగినచో, పుట్టు వేడి మూడు లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. తక్కువ గేరున దిగువారికి ఇంజనే కొంత భారము మోయును. ప్యాడ్లు అతిగా కాగినచో పెడలు గట్టిగనే యుండును గాని బండి ఆగదు. పెడలే మెత్తబడినచో దోషము చాలవరకు ద్రవమునదే. అది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 ద్రవము క్రొత్తదైనపుడు 230 డిగ్రీల సెంటీగ్రేడు లోపున మరుగరాదు. తేమ చేరిన పిమ్మట ఆ ప్రమాణము 155కు దిగును. కనుక మేము మొదట ద్రవమునే మార్చుమందుము.

పిమ్మట ప్యాడ్లు. పందెపు ప్యాడ్లు చల్లగా నున్నపుడు సరిగా పట్టవు; బజారుకు పోవు కారుకు అవి అపాయము. కొంచెము ఎక్కువ వేడి నోర్చు రోడ్డు ప్యాడ్లే తగినవి. రంధ్రములు తొలిచిన డిస్కులు చూపునకు సొగసే, కాని పగుళ్లు తరచు ఆ రంధ్రముల యొద్దనే మొదలగును. పెద్ద డిస్కు చక్రములో ఇముడునో లేదో ముందే కొలువవలెను. టైర్లు అరిగియున్నచో ఈ ఖర్చంతయు వృథా.

క్రొత్తవి బిగించిన పిమ్మట ఖాళీ దారిలో పలుమార్లు మితముగా బ్రేకు వేయుచు, నడుమ చల్లారనిచ్చి, ప్యాడ్లకును డిస్కులకును పొత్తు కుదుర్చవలెను. అంతవరకు కనుమదారి పట్టరాదు.