ఇసుకలో దాక్కునే స్క్విడ్‌కు దీపం ఎందుకు?

నందికొట్కూరు పిల్లలకు సముద్రం దూరం, కృష్ణమ్మ దగ్గర. ఏటి బొమ్మిడాయి పగలు మూతి మాత్రం బయటపెట్టి ఇసుకలో కూరుకుపోతుంది కదా? హవాయి తీరంలో, లోతులేని నీళ్లలో ఉండే బొటనవేలంత బాబ్‌టెయిల్ స్క్విడ్‌దీ అదే ఎత్తు! ఒంటి జిగురుకు ఇసుక అంటించుకుని పగలంతా దాక్కుంటుంది. రాత్రి రొయ్యల వేట.

చిక్కు అప్పుడే. వెన్నెల్లో ఈదుతుంటే, కిందున్న శత్రువుకు దాని నల్లటి ఆకారం కనిపించదూ? అందుకే ఒంట్లో ఓ సంచిలో మెరిసే బ్యాక్టీరియాను మేపుతుంది. ఆ వెలుగును కిందికి వదిలితే, పైనుంచి దిగే వెన్నెలలో అది కలిసిపోతుంది. నీడ మాయం!

తెల్లారగానే ఆ బ్యాక్టీరియాలో దాదాపు 95 శాతాన్ని బయటికి ఊదేస్తుంది. రోజూ ఇల్లు ఖాళీ చేయించే యజమాని అన్నమాట. మిగిలినవి సాయంత్రానికి మళ్లీ పెరిగి సంచి నింపుతాయి. కొత్తగా పుట్టిన స్క్విడ్ పిల్లలేమో తమ దీపానికి కావలసిన బ్యాక్టీరియాను చుట్టూ ఉన్న నీళ్లలోంచే తెచ్చుకుంటాయి.