సంతవీధుల నుంచి వచ్చిన సువార్త

మధురవాడలోని సంఘాల్లో ఆదివారం ప్రార్థన విన్నపాలు వింటుంటే ఈమధ్య కొత్త ఊళ్ల పేర్లు చెవిన పడుతున్నాయి. లెస్టర్, బెడ్‌ఫర్డ్, నార్తాంప్టన్. పిల్లలు చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన ఇంగ్లండ్ పట్టణాలివి. వీసా రావాలని, చలికి తట్టుకోవాలని, పార్ట్‌టైం పని దొరకాలని తల్లిదండ్రులు దేవునికి మొరపెట్టుకుంటారు. పిల్లలు పంపే ఫొటోల్లో రాళ్లు పరచిన వీధులు, ఎర్ర ఇటుక ఇళ్లు, సూదిమొన లాంటి చర్చి శిఖరాలు కనిపిస్తాయి. అందమైన ఊళ్లే, సందేహం లేదు. అయితే అవి మనకు కొత్త ఊళ్లు కావు. తెలుగు విశ్వాసి చేతిలోని బైబిలుకూ ఆ ఊళ్లకూ రెండు వందల ఏళ్ల చుట్టరికం ఉంది.

ఇంగ్లండ్ అనగానే మనకు లండన్, రాజభవనం, ఆక్స్‌ఫర్డ్ గుర్తొస్తాయి. సువార్త చరిత్రలో అంతకంటే పెద్ద పాత్ర వహించినవి వారానికోసారి సంత జరిగే చిన్న పట్టణాలు. బెడ్‌ఫర్డ్, ఓల్నీ, మౌల్టన్, కెట్టరింగ్ వరుసగా ఉంటాయి. ఒకదానికీ తర్వాతి దానికీ మధ్య దూరం ఇంచుమించు మధురవాడకూ భీమిలికీ ఉన్నంతే. ఒక్కరోజులో నాలుగూ చూసి రావచ్చు.

బెడ్‌ఫర్డ్ పక్కనున్న ఎల్‌స్టోలో 1628లో పుట్టిన జాన్ బన్యన్ పాత గిన్నెలకు మాట్లు వేసే కుటుంబంవాడు. అనుమతి లేకుండా ప్రసంగించాడన్న నేరానికి 1660 నుంచి పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్నాడు. మన ఇళ్లలో తరతరాలుగా చదువుతున్న ‘యాత్రికుని ప్రయాణం’ ఆయన రాసిందే. జైల్లో పెట్టిన ఆ ఊరే ఇప్పుడు ఆయన విగ్రహాన్ని నడిబొడ్డున నిలబెట్టుకుంది.

ఓల్నీ లేసు అల్లే పేదల ఊరు. నరసాపురం ఆడపడుచులకు ఈ మాట వింటే ప్రాణం లేచొస్తుంది. 1764లో అక్కడికి పాదిరిగా వచ్చిన జాన్ న్యూటన్ అంతకుముందు ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా ఓడల్లో నింపి అమ్మిన కెప్టెన్. ‘అమేజింగ్ గ్రేస్’ పాటను 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం ఆ లేసు పనివారి సంఘానికే రాశాడు. ఆ కృపకు ముందున్న పాపం ఎంత ఘోరమైనదో తెలియకుండా ఆ పాట పాడేస్తే దాని బరువు మనకు అందదు. న్యూటన్ సమాధి ఇప్పటికీ ఓల్నీ చర్చి ఆవరణలో ఉంది.

ఇక మౌల్టన్. నార్తాంప్టన్ చుట్టుపక్కలంతా చెప్పులు, బూట్లు కుట్టే ప్రాంతం. అక్కడి ఫుట్‌బాల్ జట్టును నేటికీ ‘కాబ్లర్స్’ అనే పిలుస్తారు. అంటే చెప్పులు కుట్టేవాళ్లు! మౌల్టన్‌లో పాఠం చెబుతూ, ప్రసంగిస్తూ, పొట్టకోసం చెప్పులు కుట్టిన విలియం కేరీ తన పనిగదిలో ప్రపంచపటం వేలాడదీసుకున్నాడు. కెట్టరింగ్‌లో ఒక వితంతువు ఇంట్లో 1792 అక్టోబరు 2న కొందరు బాప్తిస్టు కాపరులు సమావేశమయ్యారు. పట్టుమని పదిహేనుమంది లేరు. అన్యదేశాలకు సువార్త పంపడానికి వాళ్లు ఇస్తామన్న మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఆ చీటీలు వేసుకున్నది ఒక నశ్యం డబ్బాలో. ఆ ఇల్లు ఇంకా నిలిచే ఉంది.

ఆ నశ్యం డబ్బా మన దాకా ఎలా వచ్చిందో చూడండి. మరుసటి ఏడాది కేరీ బెంగాలుకు బయల్దేరాడు. మిషనరీలంటే ఈస్టిండియా కంపెనీకి గిట్టదు. అందువల్ల డేనిష్ ఓడలో వచ్చి, చివరికి డేనిష్ వారి శ్రీరాంపూర్‌లో స్థిరపడ్డాడు. అక్కడి ముద్రణాలయం 1812లో తగలబడి ఏళ్ల తరబడి చేసిన రాతలు బూడిదైతే మళ్లీ మొదలుపెట్టాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది.

ఈలోగా విశాఖపట్నంలో మరో పని సాగింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజస్ 1805లో ఇక్కడ దిగారు. తెలుగు ఒక్క ముక్క రాదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్ముకున్న ఆనందరాయరు వారితో కలిశాక అనువాదానికి ఊపిరి వచ్చింది. క్రాన్ 1809లో, డిగ్రాంజస్ 1810లో కన్నుమూశారు. ఇక్కడ ఐదేళ్లు కూడా నిండా గడవలేదు. అప్పటికి మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో సిద్ధమయ్యాయి. 1812లో శ్రీరాంపూర్‌లోనే అవి అచ్చయ్యాయి. ఇద్దరు తెల్లవారి పేర్లు మిషన్ చరిత్రల్లో ముందు వరుసలో ఉంటాయి. ఆనందరాయరు పేరు మాత్రం మన సంఘాల్లోనే చాలామందికి తెలియదు. వాక్యాన్ని తెలుగువాడి చెవికి తెలుగుగా వినిపించేలా చేయడంలో ఆయన పాలు తక్కువా?

గోదావరి జిల్లాల కథ డెవాన్‌లోని బార్న్‌స్టపుల్‌లో మొదలైంది. టా నది మీద పాత రాతి వంతెన, పల్లెల నుంచి బుట్టల్లో సరుకు తెచ్చి అమ్మే సంత ఉన్న ఊరది. లండన్‌లో న్యాయవాద వృత్తి వదిలేసి వచ్చిన రాబర్ట్ చాప్‌మన్ అక్కడ చిన్న ప్రార్థనాలయం నడిపేవాడు. ఆ ఊరి నుంచి రాతిపని మేస్త్రీ విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జ్ బీర్ భార్యలతో సహా 1836లో ఇండియాకు వచ్చి నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డారు. జీతమిచ్చే సొసైటీ ఏదీ వారి వెనుక లేదు. మాట్లు వేసేవాడు, చెప్పులు కుట్టేవాడు, రాయి చెక్కేవాడు... గలిలయ సముద్రతీరంలో వలలు బాగుచేసుకుంటున్నవారిని పిలిచిన ప్రభువు పద్ధతి మారలేదనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఊళ్ల పరిస్థితి ఏమిటి? 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని రాసుకున్నవారు 46.2 శాతం. సగానికి తగ్గడం అదే మొదటిసారి. ఎన్నో ప్రార్థనాలయాలు ఫ్లాట్లుగా, దుకాణాలుగా మారిపోయాయి. తెరిచి ఉన్న చాలా చోట్ల కూర్చునేది నెరిసిన తలలే.

యెరూషలేములోని పేద విశ్వాసులకు అన్యజనుల సంఘాలు చందా పంపినప్పుడు పౌలు దాన్ని దానమనలేదు, తీర్చవలసిన ఋణమన్నాడు (రోమా 15:26, 27). ఆత్మీయమైనది ఎవరి దగ్గర పుచ్చుకున్నారో వారి అవసరంలో నిలబడటం బాధ్యత అన్నాడు. మన పిల్లలు అక్కడ గదికి అద్దె కట్టలేక, రాత్రి షిఫ్టులు చేస్తూ సతమతమవుతున్నారు, నిజమే. వారి నెత్తిన మరో భారం పెట్టమని కాదు. ఆదివారం ఒక గంట, పక్క వీధిలోని ఆ ఖాళీ బల్లమీద ఒక మనిషి.

ఆరాధన అయ్యాక అలాంటి చర్చిల్లో టీ, బిస్కెట్లు ఇచ్చి కొత్తవారిని పలకరించడం వాడుక. ఏ ఊరు బాబూ నీది అని అడుగుతారు. విశాఖపట్నం అంటే చాలామందికి తెలియకపోవచ్చు. నశ్యం డబ్బా సంగతి వాళ్లకు గుర్తున్నా, ఆనందరాయరు సంగతి చెప్పవలసింది మాత్రం మనవాడే.