బండి ఆగాలి - బ్రేకు ప్యాడ్ల సంగతి



జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ఒకప్పుడు రాళ్ళ గుట్టలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు ఈ పక్కనే బంజారాహిల్స్ గుట్టల్లో అన్నపూర్ణ స్టూడియో పెట్టారు. తర్వాత సినిమా వాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. గుట్టలు ఊరయ్యాయి. కాని ఎత్తుపల్లాలు పోలేదు. ఇక్కడ ఏ రోడ్డు చూసినా ఎక్కుడో దిగుడో ఉంటుంది. దిగుడులో బండిని కాపాడేది ఏది? బ్రేకు.

ఇక్కడ కొందరి ఇళ్ళల్లో పాత స్పోర్ట్స్ కార్లు ఉంటాయి. స్పోర్ట్స్ కారు అంటే వేగంగా పరుగెత్తేందుకు చేసిన కారు. పొట్టిగా, నేలకు దగ్గరగా ఉంటుంది. మన దేశంలో కూడా 1998లో శాన్ స్టార్మ్ అనే కారు వచ్చింది. అందులో ఇద్దరే కూర్చోవచ్చు. ఇప్పుడది తయారు కావడం లేదు. ఇట్లాంటి పాత కార్లకు చాలాసార్లు ఇంటి షెడ్డులోనే రిపేరు చేస్తారు.

"కారు మనది కాదు. మనకెందుకు ఈ సంగతి?" అనుకోకండి. ఆ రిపేరు చేసేది మన ఇంటాయన కావచ్చు, మన కొడుకు కావచ్చు. ఆ షెడ్డు ఊడ్చేది మనం కావచ్చు. ఆ మసి బట్టలు ఉతికేది మాత్రం మనమే.

బ్రేకు ఎట్లా పని చేస్తుంది?

తిరిగే తిరగలిని అరచేత్తో అదిమితే ఏమవుతుంది? తిరగలి ఆగుతుంది. చెయ్యి వేడెక్కుతుంది. బ్రేకూ అంతే. చక్రంతో పాటు ఒక ఇనుప పళ్ళెం తిరుగుతుంది. దాన్ని డిస్కు అంటారు. దానికి అటు ఒకటి, ఇటు ఒకటి రెండు బిళ్ళలు ఉంటాయి. అవే బ్రేకు ప్యాడ్లు. కాలితో పెడలు తొక్కితే గొట్టంలోని బ్రేకు ఆయిలు ముందుకు తోస్తుంది. సూదిమందు సిరంజి లాంటిదే. ఆ తోపుకు ప్యాడ్లు డిస్కును రెండు వైపులా పట్టుకుంటాయి. బండి ఆగుతుంది.

పట్టుకున్నప్పుడల్లా ప్యాడు కొంచెం అరుగుతుంది. కొత్త ప్యాడు మందం సుమారు 10 మిల్లీమీటర్లు. అది 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. 3 మిల్లీమీటర్లంటే ఎంత? రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. సుమారు అంత. బ్రేకు వేసినప్పుడు కీచుమని చప్పుడు వస్తే ప్యాడు అరిగిందేమో చూడాలి. ఇనుము ఇనుము రాసుకున్నట్టు గరగరమంటే బండి ఇక కదపకూడదు.

ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. అందుకే వేగంగా పోయే బండికి మంచి బ్రేకు మరీ ముఖ్యం.

ప్యాడ్లు మార్చే పద్ధతి

1. బండిని చదును నేల మీద పెట్టాలి. దిగుడులో పెట్టకూడదు. చేతి బ్రేకు వెయ్యాలి. ముందు చక్రం విప్పుతుంటే వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు అడ్డం పెట్టాలి.

2. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చెయ్యాలి. అప్పుడు జాకీతో లేపాలి. లేపాక కింద ఇనుప స్టాండు పెట్టాలి. జాకీ జారుతుంది. ఇటుక పగులుతుంది. వాటిని నమ్మి బండి కింద దూరకూడదు.

3. చక్రం తీస్తే ప్యాడ్లను పట్టుకున్న ఇనుప భాగం కనిపిస్తుంది. దాని పేరు క్యాలిపర్. దాని బోల్టులు విప్పాలి. దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకూడదు. తీగతో కట్టాలి.

4. పాత ప్యాడ్లు తియ్యాలి. డిస్కు పగిలిందా, లోతుగా గీతలు పడ్డాయా చూడాలి.

5. క్యాలిపర్‌లోని పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నెట్టాలి. అప్పుడు బ్రేకు ఆయిలు పైకి వస్తుంది. డబ్బాలోంచి పొంగకుండా చూసుకోవాలి. ఆ ఆయిలు పడితే కారు రంగు ఊడుతుంది.

6. కొత్త ప్యాడ్లు పెట్టాలి. రాసుకునే వైపు నూనె, గ్రీజు అంటకూడదు. కుడి చక్రానికి మారిస్తే ఎడమ చక్రానికీ మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

7. బోల్టులు గట్టిగా బిగించాలి. చక్రం పెట్టి, బండి దించి, నట్లు ఎదురెదురుగా బిగించాలి.

మొదటి తొక్కుడు

ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది. పిస్టన్ వెనక్కి పోయి ఉంది కదా! మొదటిసారి తొక్కితే పెడలు నేల దాకా పోతుంది. బ్రేకు పట్టదు. ఆ సంగతి మరిచి బండిని గేటు దాటిస్తే? బయట దిగుడు. దిగుడులో పిల్లలు ఆడుకుంటుంటారు. అందుకే బండి కదలకముందే పెడలును పదేపదే తొక్కాలి. కాలికి గట్టిగా తగిలేదాకా తొక్కాలి. తర్వాత డబ్బాలో ఆయిలు రెండు గీతల మధ్య ఉందో లేదో చూడాలి. మొదట ఖాళీ చోట మెల్లగా నడిపి, ఆపి చూడాలి. పెడలు మెత్తగా ఉంటే బండి తియ్యకూడదు. తెలిసిన మెకానిక్కును పిలవాలి.

అంకె చదవండి

బ్రేకు ఆయిలు వేరు, ఇంజను ఆయిలు వేరు. బ్రేకులో ఇంజను ఆయిలు పోస్తే రబ్బర్లు ఉబ్బుతాయి. బ్రేకు చెడుతుంది. బ్రేకు ఆయిలు డబ్బా మీద డాట్ 3, డాట్ 4, డాట్ 5 అని ఉంటుంది. 5 రకం వేరే జాతిది. దాన్ని 3తో, 4తో కలపకూడదు. కారు డబ్బా మూత మీద ఏ అంకె ఉంటే కొన్న డబ్బా మీదా అదే అంకె ఉండాలి. డబ్బా మీద అక్షరాలు ఇంగ్లీషువి కావచ్చు. అంకెలు మనకు వచ్చు కదా!

దుమ్ము దులపకండి

చక్రం తీస్తే లోపల నల్లటి దుమ్ము ఉంటుంది. చాలామంది నోటితో ఉఫ్‌మని ఊదుతారు. గాలి గొట్టం పెట్టి కొడతారు. అది తప్పు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తెలుగులో రాతినార అంటారు. ఇళ్ళ మీద వేసే సిమెంటు రేకుల్లో వాడేది అదే. దాని నారలు కంటికి కనిపించవు. ఊపిరితో లోపలికి పోతే బయటికి రావు. ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, కాన్సరూ రావచ్చు. ఈ రోజు పీలిస్తే రోగం 20, 30 ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. రాతినార పని చేసేవాళ్ళ ఆరోగ్యం వివరాలు కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది ఇందుకే. ఐరోపా దేశాల కూటమిలో 2005 నుంచి రాతినార వాడకం నిషేధం.

పని చేసే మనిషికే కాదు, అతని బట్టలు ఉతికిన భార్యకూ ఈ జబ్బు వచ్చిన సంగతులు అనేక దేశాల డాక్టర్లు రాశారు. కాబట్టి ఇట్లా చెయ్యండి:

దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారెయ్యాలి. షెడ్డును పొడి చీపురుతో ఊడ్వకూడదు. నీళ్ళు చల్లి తుడవాలి. పని బట్టలు దులపకూడదు. ముందు తడిపి, విడిగా ఉతకాలి. బట్టలు మార్చుకోకుండా పిల్లల్ని ఎత్తుకోకూడదు. కొత్త ప్యాడ్లు కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనివే అడగాలి. డబ్బా మీద అట్లా రాసి ఉందో లేదో చదివించుకోవాలి.

"ఇన్నేళ్ళుగా ఊదుతున్నాం, ఏమైంది?" అని ఇంట్లో అనవచ్చు. ఈ పాఠం తీసి వాళ్ళకు చదివి వినిపించండి.

మాట్లాడుకుందాం

1. బండి కదలకముందే బ్రేకు పెడలు ఎందుకు పదేపదే తొక్కాలి?
2. మీ ఇంట్లో బండి పని చేసేవాళ్ళు ఎవరు? వాళ్ళ బట్టలు ఎట్లా ఉతుకుతున్నారు?
3. మీకు తెలిసిన బండి దగ్గరికి వెళ్ళి బ్రేకు ఆయిలు మూత మీద అంకె చదవండి. పలక మీద రాయండి.