ఈసారి స్టేట్ ఎవరు కొడతారు?

ఆగస్టు వచ్చిందంటే టెక్సాస్‌లో టీ పార్టీ అయినా, ఆఫీసు క్యాంటీన్ అయినా ఒకటే వాదన: హైస్కూల్ ఫుట్‌బాల్‌లో ఈసారి స్టేట్ ఎవరిది? లోతు తెలిసినవాడు వెంటనే జవాబు చెప్పడు. "ఏ స్టేట్?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అక్కడి ప్రభుత్వ హైస్కూళ్లలో ఏటా ఒక్క జట్టు కాదు, పన్నెండు జట్లు రాష్ట్ర విజేతలవుతాయి మరి.

స్కూలు పోటీలను నడిపేది యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. పిల్లల సంఖ్యను బట్టి స్కూళ్లను ఆరు వర్గాలు చేస్తుంది. వేలమంది చదివేవి 6ఏ, పదకొండు మందిని పోగు చేయడమే గగనమైన పల్లె బడులు 1ఏ. ఒక్కో వర్గంలో మళ్లీ రెండు డివిజన్లు. 1ఏ వాళ్లు ఆడేది ఆరుగురి ఆట. మైదానం పొడవు 80 గజాలే. సగం ఆట ముగిశాక ఎవరైనా 45 పాయింట్ల ఆధిక్యంలో ఉంటే మ్యాచ్ అక్కడితో సరి.

కప్పు గురించిన వాదన అసలు మొదలవ్వాల్సింది ఈ జనాభా లెక్క దగ్గరే. డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఆలెన్, ఫ్రిస్కో మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊళ్లు. ఆలెన్ స్కూల్ డిస్ట్రిక్టులో ఉన్నది ఒకే ఒక్క పెద్ద హైస్కూలు. ఫ్రిస్కో డిస్ట్రిక్టు మాత్రం ఏ బడీ మరీ పెద్దది కాకూడదనుకుని, పిల్లలు పెరిగినకొద్దీ కొత్తవి కడుతూ పన్నెండు దాకా వచ్చింది. ఫ్రిస్కోలోని మంచి ఆటగాళ్లు పన్నెండు జట్లకు చీలిపోతారు. ఆలెన్‌లో అందరూ ఒకే జట్టులో చోటు కోసం పోటీ పడతారు. ఆ జట్టు 2012, 2013, 2014 వరుసగా మూడేళ్లు స్టేట్ గెలిచింది. అప్పట్లో జట్టు దాడిని నడిపిన క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రీ మొదటి నుంచీ బరిలో ఉన్న ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఎంచుకున్న కుర్రాళ్లలో మొదటివాడు అతనే. 6 కోట్ల డాలర్లతో, 18 వేల సీట్లతో 2012లో తెరిచిన ఆలెన్ స్టేడియం కాంక్రీటు పగుళ్లిచ్చి 2014లో మూతపడింది. సొంత మైదానం లేకుండానే ఆ ఏడాదీ కప్పు తెచ్చుకున్నారు. కప్పు కావాలంటే ఆలెన్ పద్ధతే మేలు. మామూలు పిల్లవాడికి జట్టులోనో, బ్యాండ్‌లోనో చోటు దొరకాలంటే మాత్రం నా ఓటు ఫ్రిస్కోకే.

ఎంత బలమైన జట్టయినా దాని దారి ఎటు పోతుందన్నది ఇంకో ముడి. 6ఏలో ముందు పది మ్యాచ్‌లు. తర్వాత ఒక్క ఓటమితో ఇంటికి పంపే ఆరు రౌండ్లు. లీగ్ పక్కపక్క బడులను కలిపి చేసిన ఒక్కో జిల్లా నుంచి నాలుగు జట్లు ముందుకెళ్తాయి. వాటిలో పిల్లలు ఎక్కువున్న రెండు బడులు మొదటి డివిజన్‌కు, తక్కువున్న రెండు రెండో డివిజన్‌కు. అంటే తామెక్కడ ఆడతామన్నది పక్క బడులు గెలవడం, ఓడటం మీద ఆధారపడుతుంది! ఆస్టిన్‌లోని వెస్ట్‌లేక్ 2019, 2020, 2021 వరుసగా ఛాంపియన్. కానీ మొదటిసారి, మూడోసారి రెండో డివిజన్‌లో, మధ్యలో మాత్రం మొదటి డివిజన్‌లో. అవే రెండేళ్లు, 2019లోనూ 2021లోనూ, మొదటి డివిజన్ కప్పు హ్యూస్టన్ వైపు జట్టు నార్త్ షోర్ ఎగరేసుకుపోయింది. ఆ రెండేళ్లూ ఇద్దరిలో ఎవరు మొనగాళ్లో తేల్చే మ్యాచ్ జరగనే లేదు. వాదనకు ఇంతకన్నా మేత ఏం కావాలి?

నార్త్ షోర్, డల్లాస్ పక్కనున్న డంకన్‌విల్ కథ దీనికి తలకిందులు. రాష్ట్రంలో చెరో మూల ఉండటంతో 2018 నుంచి 2023 లోపు అయిదుసార్లు ఫైనల్లోనే ఢీకొన్నాయి. 2018లో ఒక్క పాయింటు వెనకబడిన నార్త్ షోర్, ఆఖరి బంతిని 45 గజాలు గాల్లోకి విసిరింది. ఆ జట్టువాడే అందుకోవడంతో 41-36తో గెలిచింది. మూగిన ఆటగాళ్ల గుంపులో బంతి ఎవరి చేతికి చిక్కుతుందో జూన్‌లో జోస్యం చెప్పగలవాడెవడు?

అయినా చెప్పేవాళ్లున్నారు. ఉగాదికి మనకు పంచాంగం ఎలాగో, టెక్సాస్‌కు వేసవిలో 'డేవ్ క్యాంప్‌బెల్స్ టెక్సాస్ ఫుట్‌బాల్' పత్రిక అలాగ. వేకో నగరంలో ఒక దినపత్రిక క్రీడా సంపాదకుడు 1960లో దాన్ని మొదలుపెట్టారు. నిరుటి జట్టులో ఎందరు తిరిగొస్తున్నారో బడివారీగా అంకెలిస్తుంది. జనం ముందుగా వెతికేది క్వార్టర్‌బ్యాక్ పేరు. నేనైతే అతని ముందు గోడలా నిలబడే అయిదుగురు లైన్‌మెన్ వయసు చూస్తాను. పదిహేనేళ్లవాడికీ పద్దెనిమిదేళ్లవాడికీ ఒంట్లో ఉండే తేడా ఏ శిక్షణతోనూ పూడదు. అయిదుగురూ ఆఖరి ఏడాది కుర్రాళ్లయితే, కొత్త క్వార్టర్‌బ్యాక్‌తోనైనా డిసెంబరు దాకా లాక్కురావచ్చు.

ఈ అంచనాలన్నిటినీ 1988 వెక్కిరించింది. ఒడెస్సా పెర్మియన్, మిడ్‌లాండ్ లీ, మిడ్‌లాండ్ హై తమ జిల్లాలో సమానంగా నిలిచాయి. ముందుకెళ్లేది రెండే. అర్ధరాత్రి దాటాక హైవే పక్కన ట్రక్కులు ఆగే చోట ముగ్గురు కోచ్‌లు నాణేలు ఎగరేశారు. మిడ్‌లాండ్ హై ఇంటిదారి పట్టింది. పెర్మియన్ సెమీస్ దాకా వెళ్లి, డల్లాస్ కార్టర్ చేతిలో 14-9తో ఓడింది. కార్టర్ ఫైనల్ కూడా గెలిచింది. కానీ ఏ సబ్జెక్టులోనైనా తప్పినవాడు ఆడకూడదని టెక్సాస్‌లో చట్టం. కార్టర్ ఆటగాడొకరి ఆల్జీబ్రా మార్కుపై కోర్టుల్లో గొడవ నడిచింది. ఆటగాళ్లు కప్పెత్తి ఊరేగిన చాలాకాలానికి తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. ఫైనల్లో ఓడిన కన్వర్స్ జడ్సన్‌ను 1988 విజేతగా రికార్డుల్లో రాశారు.