మా గ్రంథాలయానికి కొత్త గుర్తు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఈ రోజుల్లో సంస్థల విషయంలో ఆ ఇల్లు వీధిలో లేదు, చేతిలోని ఫోనులో ఉంది. ఊళ్లోకి బదిలీ అయి వచ్చిన గుమాస్తాగారైనా, పోటీ పరీక్షకు చదివే కుర్రవాడైనా, ఇక్కడ గ్రంథాలయం ఉందా అని పక్కింటివారిని అడగడం మానేసి ముందు ఫోనునే అడుగుతున్నారు. ఫోను ఎరగని సంస్థ వారి లెక్కలో ఊళ్లో లేనట్టే!

మా ఊరి గ్రంథాలయానికి సరిగ్గా ఆ గతే పట్టింది. తెలుగునాట గ్రంథాలయోద్యమం సామాన్యమైనది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయ మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. ఆ వరుసలో ఎక్కడో చివరన, ఏ చరిత్రకూ ఎక్కకుండా, చందాల మీద నెట్టుకొస్తున్న చిన్న సంస్థ మాది. సభ్యులు ఏటికేడాది తగ్గిపోతూంటే, కొత్త చిహ్నమూ కొత్త వెబ్‌సైటూ చేయించాలని కార్యవర్గంవారు తీర్మానించారు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను కూడా ఉపసంఘంలో వేశారు.

మొదటి సమావేశంలోనే తగవు చిహ్నం దగ్గర వచ్చింది. పాత ముద్రలో విప్పిన పుస్తకం, పద్మం, వీణ, దీపం, చుట్టూ ఒక సంస్కృత సూక్తి ఉన్నాయి. రబ్బరు స్టాంపుగా అది నిండుగానే ఉండేది. ఫోనులో చూస్తే మాత్రం సిరా ఒలికినట్టుంది. వెబ్‌సైటు పేరు పక్కన కనిపించే బుల్లి గుర్తుకు దొరికే చోటు అడ్డం పదహారు, నిలువు పదహారు చుక్కలు. అందులో వీణను ఇమడ్చడం సరస్వతీదేవికైనా శక్యం కాదు.

ఇంగ్లీషు పొడి అక్షరాలు మూడు పెడితే సరిపోతుందని ఒకరన్నారు. "చూసినవాళ్లు సిమెంటు కంపెనీ అనుకుంటారండీ" అన్నది, మాకు బొమ్మలు గీసిపెట్టిన అమ్మాయి. విశ్రాంత ఉపాధ్యాయులొకరు 'గ్రం' అన్న అక్షరం సూచించారు. నాకూ ముచ్చట వేసింది. గకారాన్ని క్రావడి చుట్టుకున్న తీరు, పుస్తకాన్ని పట్టుకున్న చెయ్యిలా ఉంటుంది. కాని అమ్మాయి దాన్ని చిన్నది చేసి చూపేసరికి గకారం, క్రావడి, సున్న కలిసి ముద్దయిపోయాయి. మన లిపిలో తలమీద తలకట్టు, కింద వత్తు ఉంటాయి గదా! ఇంగ్లీషు అక్షరానికి చాలిన జాగా దీనికి చాలదు.

అంతదాకా నోరు మెదపని వృద్ధ సభ్యులొకరు అప్పుడు అందుకున్నారు. "ముద్రలో ఉన్న దీపం కుంది కాదయ్యా, లాంతరు! ఊరికి కరెంటు రాని రోజుల్లో మా నాన్నగారూ వాళ్లూ ఎవరింటి లాంతరు వాళ్లు తెచ్చి వసారాలో పెట్టుకునేవారు. చదువు రానివాళ్లకు పత్రికలు చదివి వినిపించేవారు. ముద్ర చెక్కినవాడికి లాంతరు నామోషీ అనిపించి కుంది చేశాడు కాబోలు."

ఆ మాటతో తగవు తీరిపోయింది. సంస్థకు చిహ్నం కొత్తగా కల్పించనక్కర లేదు, అది ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకుంటే చాలునన్నమాట! నాలుగు గీతల్లో లాంతరు, పక్కన గ్రంథాలయం పూర్తి పేరు తెలుగులో. ఆ పేరు రాయడానికి రుసుము ఏమీ ఇవ్వలేదు. గిడుగు, గురజాడ, మండలి, సురవరం వంటి పేర్లతో యూనికోడు అక్షరాలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఇక వెబ్‌సైటు సంగతి. ఇంతకు ముందు మాకు ఒకటి ఉండేది. ఉత్సాహవంతుడైన ఒక యువకుడు దాని చిరునామాను తన సొంత పేరున తీసుకున్నాడు. తరువాత ఉద్యోగమై పరదేశం వెళ్లాడు. ఏటా కట్టవలసిన రుసుము కట్టమని వచ్చిన హెచ్చరికలన్నీ అతను చూడడం మానేసిన ఈమెయిలుకే వెళ్లాయి. గడువు దాటిపోయింది, ఎవరో కొనుక్కున్నారు. మా కరపత్రాల మీద అచ్చయిన చిరునామా తెరిస్తే పేకాట ప్రకటనలు! పిల్లల్ని గ్రంథాలయానికి పంపే తల్లులకు ఏమని చెప్పుకుంటాం? అందుచేత ఈసారి చిరునామాను సంఘం పేరనే తీసుకున్నాం. రహస్య సంకేత పదాలు కవరులో పెట్టి, సీలు వేసి, బీరువాలో తీర్మానాల పుస్తకం పక్కన ఉంచాం. గడువు తేదీ కోశాధికారిగారి గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాం.

పాత వెబ్‌సైటు తెరవగానే అధ్యక్షులవారు పూలదండతో దర్శనమిచ్చేవారు. తలుపులు ఎన్నింటికి తెరుస్తారో మాత్రం ఎక్కడా లేదు. ఈసారి మా గ్రంథపాలకుడు ఒక నెలపాటు, వచ్చినవారు ఏమేమి అడుగుతున్నారో కాగితం మీద రాసిపెట్టాడు. వేళలెప్పుడు? చందా ఎంత? ఫలానా పుస్తకం ఉందా? ఆడవాళ్లు కూర్చోడానికి వేరే చోటుందా? ఈ నాలుగింటికీ జవాబులు మొదటి పేజీలోకి వచ్చాయి. అధ్యక్షులవారు నవ్వుతూనే చివరి పేజీకి తరలివెళ్లారు.

అన్నిటికన్నా శ్రమ పెట్టింది పుస్తకాల జాబితా. అచ్చు వేయించడానికి ఎన్నడో కంప్యూటరులో కొట్టించినదే, కాని పాత పద్ధతి అక్షరాలు. ఆ అక్షరాలున్న యంత్రంలోనే అది తెలుగు, మరో చోట పిచ్చిగీతలు. 1991 నుంచీ యూనికోడులో తెలుగుకు స్థానం ఉంది. ఆ పద్ధతిలో ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే సంఖ్య ఉంటుంది. జాబితాను బొమ్మగా తీసి పెడితే పోదా అన్నారు కొందరు. బొమ్మలోని అక్షరం చూడడానికే గాని, వెతికితే దొరుకుతుందన్న భరోసా లేదు. మా కాలేజీ విద్యార్థులు సెలవుల్లో కూర్చుని జాబితా అంతా యూనికోడులోకి మార్చి, తప్పులు దిద్దారు. ఇప్పుడు ఎక్కడివారైనా పుస్తకం పేరు తెలుగులో కొట్టి వెతకవచ్చు.

సభ్యులు ఏమాత్రం పెరుగుతారో ఇప్పుడే చెప్పలేను. లాంతరు బొమ్మ గీసినంత మాత్రాన బీరువాల్లోకి పుస్తకాలు నడిచి రావు. చందా కట్టి వచ్చినవాడికి అడిగిన పుస్తకం దొరక్కపోతే, గుర్తు ఎంత అందంగా ఉండి ఏం లాభం? అందుకే ఈ పనికని కేటాయించిన సొమ్ములో మిగిలినది గాజు బోర్డుకు ఖర్చు పెడదామన్నవారిని వారించాం. ఆ డబ్బుతో, నెల రోజుల కాగితంలో అందరూ అడిగి లేవనిపించుకున్న పుస్తకాలు తెప్పించాం.