జ్ఞాపకశక్తికీ ఓ హద్దుంది!

ఇంట్లో పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందా? 'ర్యామ్ పెంచితే సరి' అని ఎవరో ఒకరు సలహా ఇచ్చేస్తారు. తీరా పెంచాక ఒక్కోసారి లాభం కనిపించదు. డబ్బులు పెట్టేముందే ఆ గుట్టు తెలుసుకుంటే పోలా!

గోల్కొండ కోటకూ పాతబస్తీకీ నడుమ ఉంటుంది కార్వాన్. కుతుబ్‌షాహీల కాలంలో సరుకులతో వచ్చే వర్తక బిడారులు ఇక్కడ ఆగేవి. పేరూ అలా వచ్చిందే. 1671లో కట్టిన టోలీ మసీదు ఆ రోజులకు గుర్తుగా నిలిచి ఉంది.

బిడారులు దిగే ఓ సరాయిని ఊహించుకోండి. గుమస్తా పుస్తకంలో గది నంబరుకి రెండంకెల చోటే ఉంది. అంటే సున్నా నుంచి 99 వరకు, వంద గదులకే లెక్క. యజమాని వెనకాల మరో యాభై గదులు కట్టించినా గుమస్తా అక్కడికి ఎవరినీ పంపలేడు. ఎందుకంటే వాటికి నంబర్లే లేవు! కంప్యూటర్ మెమరీ కథా అచ్చం ఇంతే.

640 కేబీతో మొదలు

1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్‌కి మెమరీ చిరునామాలు పంపే తీగలు 20. వాటితో పది లక్షల పైచిలుకు చిరునామాలు, అంటే ఒక ఎంబీ. అందులో తెరకీ బయోస్‌కీ 384 కేబీ కేటాయించగా ప్రోగ్రాములకు మిగిలింది 640 కేబీ. అది చాలకపోవడంతో 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఓ ఉపాయం కనిపెట్టాయి. అదనపు మెమరీని ముక్కలు చేసి, ఒకే 'కిటికీ'లోంచి వంతులవారీగా చూపించడమన్నమాట.

అదే ఏడాది వచ్చిన 386 ప్రాసెసర్ 32 తీగలతో ఆ హద్దును ఏకంగా 4 జీబీకి జరిపింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదీ ఇరుకైంది.

నాలుగు పెడితే మూడేనా?

32 బిట్ విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్న సిస్టమ్‌లో 4 జీబీ ర్యామ్ పెట్టినా చాలాసార్లు 3 నుంచి 3.5 జీబీ వరకే వాడకంలోకి వస్తుంది. దుకాణదారు మోసం చేశాడనుకోకండి. మిగతా చిరునామాలను గ్రాఫిక్స్ కార్డు వంటివి తీసేసుకుంటాయి.

దీనికి విరుగుడు 64 బిట్ విండోస్. అయితే ప్రాసెసర్ కూడా 64 బిట్‌ది అయ్యుండాలి. పైగా అందులో పాత 16 బిట్ ప్రోగ్రాములు నేరుగా నడవవు. డాస్ కాలం నాటి లెక్కల ప్రోగ్రాముతో బండి లాగిస్తున్న దుకాణమైతే బిల్లులు ఆగిపోతాయి! పాత ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో కూడా చూసుకోవాలి. 32 నుంచి 64కి మారాలంటే విండోస్‌ని మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాల్సిందే. పెళ్లి ఫొటోలూ, పిల్లల ప్రాజెక్టులూ ముందే వేరేచోట దాచుకోకపోతే తర్వాత బాధపడాలి.

కొనబోయే ముందు...

కంప్యూటర్ విడిభాగాలంటే జంటనగరాల వాళ్లకు గుర్తొచ్చేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. కార్వాన్ నుంచి అంతదూరం వెళ్లేముందు ఇవి చూసుకోండి.

* టాస్క్ మేనేజర్ తెరిచి, రోజూ చేసే పని చేస్తూ మెమరీ ఎంత నిండుతోందో గమనించండి. సగం ఖాళీగానే ఉంటే తప్పు ర్యామ్‌ది కాదు. పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేస్తే ఎక్కువ ఫలితం.

* మదర్‌బోర్డు మోడల్ రాసుకోండి. దానికీ ఓ హద్దుంటుంది. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ 4 జీబీ దాటదు, జీ41 అయితే 8 జీబీ వరకు తీసుకుంటుంది.

* డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. గాటు ఉండే చోటే వేరు. పాత ర్యామ్‌ని వెంట తీసుకెళ్లడం మేలు.

* బిగించేటప్పుడు ప్లగ్ తీసేయండి. క్యాబినెట్ లోహాన్ని ఓసారి తాకాకే ర్యామ్‌ని పట్టుకోండి.

ఇంకొక్క మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ర్యామ్ ఎంత పెంచినా ఆ లోటు తీరదు. బ్యాంకు లావాదేవీలు చేసే సిస్టమ్ అయితే ఈ సంగతి ముందుగా ఆలోచించాలి. ఉత్తరాలు టైపు చేయడానికీ, పిల్లల చదువులకూ అయితే తేలికపాటి లైనక్స్ ఎక్కించి చూడొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు!